తియ్యటి గ్లాసులో ఏముంది?

రాత్రి ఒంటిగంటన్నరకి ఫోన్ మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. తీరా చూస్తే మా అక్కయ్య కూతురు. "పిన్నీ, ముందు అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి" అంది. ఆ మాట వినగానే నాకు కాళ్ళలో వణుకు మొదలైంది.

అది హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. రూమ్మేట్ పుట్టినరోజని నలుగురు ఆడపిల్లలు ఓ హోటల్‌కి వెళ్ళారు. మెనూ కార్డులో గులాబీరంగు డ్రింకు బొమ్మ ఒకటి కనిపించింది. గ్లాసు మీద పీచుమిఠాయి కుచ్చు పెట్టి తెస్తారట. పైనుంచి పుల్లటి రసం పోస్తే ఆ కుచ్చు చూస్తుండగానే కరిగి లోపలికి దిగిపోతుందట. ఆ వేడుక వీడియో తీసుకున్నారు. తాగారు. బాగుంది. మళ్ళీ చెప్పారు. భోజనం రావడానికి గంటపైన పట్టింది. మధ్యాహ్నం ఆఫీసులో సరిగ్గా తినని ఆ పుట్టినరోజు పిల్ల ఈలోగా నాలుగు గ్లాసులు తాగేసింది.

హాస్టల్‌కి వచ్చాక ఒకసారి వాంతి చేసుకుని పడుకుంది. తరవాత ఎంత లేపినా లేవలేదు. మొహాన నీళ్ళు కొట్టారు. బ్లాక్ కాఫీ కలిపి నోట్లో పొయ్యబోయారు. అప్పుడే, పదకొండున్నరకే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సింది. వెళ్ళలేదు. అక్కడ అమ్మానాన్నల నంబరు అడుగుతారు, వార్డెన్‌కి తెలుస్తుంది, ఆఫీసులో తెలుస్తుంది. ఆ భయంతో ముగ్గురూ రెండు గంటలపాటు ఆ పిల్ల చుట్టూ కూర్చుని ఏడుస్తూ గడిపారు.

"పిన్నీ, ఒట్టు... అందులో మందు ఉన్నట్టే లేదు. నిమ్మతొనలు చప్పరించినట్టుంది, అంతే" అంది మా పిల్ల.

ఎప్పుడో ఓ కథ కోసం తెలిసిన నర్సమ్మగారిని అడిగి రాసుకున్న నాలుగు ముక్కలు ఆ రాత్రి పనికొచ్చాయి. (కథ మాత్రం పత్రికనుంచి తిరిగొచ్చింది!) ఆ పిల్లని వెల్లకిలా ఉంచకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చుక్క కూడా పొయ్యకండి, ఊపిరి చూస్తూ ఉండండి, నా ఫోను పెట్టేసి ముందు 108కి చెయ్యండి అన్నాను. చేశారు. అంబులెన్స్ వచ్చింది. మర్నాడు సాయంత్రానికి ఆ పిల్ల కోలుకుంది. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోలేదు, అదృష్టవంతురాలు అన్నారట డాక్టరుగారు.

ప్రమాదం గట్టెక్కింది గానీ "నిమ్మతొనలు చప్పరించినట్టుంది" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మీకూ గుర్తుండే ఉంటాయి... కిరాణా కొట్లో గాజు సీసాలో, పైన పంచదార పలుకులు అద్దుకుని, పసుపూ నారింజా రంగుల్లో తొనల్లా ఉండే బిళ్ళలు. చిల్లర డబ్బులకి గుప్పెడు వచ్చేవి. నాలుక మీద పెట్టుకుంటే ముందు తీపి, తరవాత పులుపు. పసితనం రుచి ఏమిటని ఎవరైనా అడిగితే నేనైతే నిమ్మతొన పేరే చెబుతాను. ఆ రుచి తీసుకెళ్ళి సారాయి గ్లాసులో ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? ఇంట్లో పని ముగించుకుని కొన్నాళ్ళపాటు దీన్ని గురించే చదువుతూ కూర్చున్నాను.

చిత్రమేమిటంటే, ఈ వరసలో పేరుపొందిన పాత డ్రింకు పేరే లెమన్ డ్రాప్. అక్కడి పిల్లలు చప్పరించే నిమ్మ బిళ్ళ పేరు అది. ఇది పుట్టింది అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో. నార్మన్ హాబ్‌డే అనే ఆయన 1969లో అక్కడ 'హెన్రీ ఆఫ్రికాస్' అనే బారు తెరిచాడు. 1970లలో ఈ డ్రింకు అక్కడే మొదలైందని చెబుతారు. వోడ్కా, నారింజ వాసన ఉండే ఒక తియ్యటి మద్యం, నిమ్మరసం, పంచదార పాకం కలిపి గిలకొట్టి, గ్లాసు అంచుకి పంచదార అద్ది ఇస్తారు. అంచున పంచదార ఎందుకంటే నిమ్మ బిళ్ళని గుర్తు చెయ్యడానికే మరి!

ఆ బారు కథ నాకు ఆసక్తిగా అనిపించింది. అంతకు ముందు బార్లంటే చీకటిగా, పొగతో, మగవాళ్ళ గొడవలతో ఉండేవి. అమెరికాలో కూడా ఆడది ఒంటరిగా బారుకి వెళితే వింతగా చూసే రోజులవి. న్యూయార్క్‌లో మెక్‌సోర్లీస్ అనే పాత బారు 1970 దాకా ఆడవాళ్ళని గుమ్మం తొక్కనివ్వలేదు. అలాంటి కాలంలో హాబ్‌డే తన బారులో మొక్కల కుండీలు వేలాడదీసి, రంగుటద్దాల దీపాలు పెట్టి ఇంటి ముందుగదిలా తయారుచేశాడు. ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళు సాయంత్రం ఓ గంట కూర్చోవడానికి వచ్చారు. వాళ్ళ వెనకే మగవాళ్ళూ వచ్చారనుకోండి, ఆయనకి కావలసిందీ అదే! వచ్చిన ఆడవాళ్ళ చేతికి ఘాటు విస్కీ ఇవ్వకుండా పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉండే గ్లాసు ఇచ్చాడు.

దీన్ని తప్పని అనలేకపోతున్నాను. తను సంపాదించిన డబ్బుతో, ఎవరి చూపులూ గుచ్చుకోకుండా కూర్చోవడానికి ఆడదానికి ఓ చోటు దొరకడం చిన్న విషయమేం కాదు. మన ఊళ్ళల్లో నలుగురు ఆడవాళ్ళు నింపాదిగా కూర్చుని కబుర్లు చెప్పుకుందామంటే గుడి అరుగు తప్ప ఏముంది చెప్పండి? కానీ ఆ చోటుతో బాటు ఇంకోటి కూడా వచ్చింది. మద్యంలోంచి మద్యం రుచిని తీసేసి ఇవ్వడం.

ఇందుకు వోడ్కా తగినట్టు మరొకటి తగదు. గోధుమల నుంచో, రై గింజల నుంచో, బంగాళాదుంపల నుంచో, మన దేశంలో అయితే ఎక్కువగా చెరకు మడ్డి నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్‌ని మళ్ళీ మళ్ళీ శుద్ధి చేస్తారు. వాసన పోయేదాకా, రుచి పోయేదాకా చేస్తారు. ప్రత్యేకమైన రుచి, వాసన, రంగు లేనిదే వోడ్కా అని అమెరికా చట్టంలోనే 2020 దాకా రాసి ఉండేది. అంటే అది మన తెల్లన్నం లాంటిదన్నమాట. ఏ కూర కలిపితే ఆ రుచి. విస్కీలోనూ రమ్ములోనూ ఎంత పంచదార పోసినా వాటి వాసన అవి బయటపెట్టుకుంటాయి. వోడ్కా మాత్రం దేనిలో పోస్తే దానిలో కలిసిపోయి కూర్చుంటుంది.

ఆ తరవాత కంపెనీలు బారువాళ్ళకి ఆ కలిపే శ్రమ కూడా తప్పించాయి. స్వీడన్‌కి చెందిన అబ్సల్యూట్ కంపెనీ 1986లో మిరియం, మిరపకాయ ఘాటుతో వోడ్కా తెచ్చింది. 1988లో నిమ్మ వాసనతో మరొకటి తెచ్చింది. ఆ నిమ్మ వోడ్కాతోనే న్యూయార్క్‌లో గులాబీరంగు కాస్మోపాలిటన్ బాగా వాడుకలోకి వచ్చింది. 1998లో మొదలైన ఓ టీవీ సీరియల్లో నలుగురు స్నేహితురాళ్ళు అస్తమానం అదే తాగుతూ కనిపించేసరికి దేశదేశాల ఆడపిల్లలకీ ఆ గ్లాసు తెలిసిపోయింది. 2010 ప్రాంతాలకొచ్చేసరికి అమెరికా దుకాణాల్లో కేకు వోడ్కా, మీగడ నురుగు వోడ్కా, మార్ష్‌మాలో వోడ్కా, ఆఖరికి బబుల్‌గమ్ వోడ్కా, పీచుమిఠాయి వోడ్కా కూడా వచ్చేశాయి. మన దేశంలోనూ 2000 దాటాక ఆకుపచ్చ ఆపిల్, నారింజ, రాస్ప్‌బెర్రీ, చాక్లెట్ వోడ్కాలు వరస కట్టాయి. బబుల్‌గమ్ రుచి కావాలని నలభై ఏళ్ళ మగాడెవరైనా అడిగాడా? ఆ సీసా ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారైందో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ఇంట్లో చేసుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. రంగు బిళ్ళల పొట్లాం తెచ్చి, ఎర్రవి ఎర్రవీ పచ్చవి పచ్చవీ వేరుచేసి, ఒక్కో సీసాలో వోడ్కా పోసి నానబెడతారు. రాత్రికి బిళ్ళలు కరిగిపోతాయి. పైకి తేలిన తెల్లటి తెట్టుని వడకట్టేస్తే అద్దకం రంగుల్లాంటి సీసాలు తయారు. ఇంకొందరు జెల్లీ చాక్లెట్లని వోడ్కాలో ఊరేస్తారు. మనం చల్ల మిరపకాయలు ఊరేసినట్టే! అవి ఉబ్బి మెత్తగా అవుతాయి. చూడ్డానికి మాత్రం మామూలు జెల్లీ చాక్లెట్లే.

డల్లాస్‌లో ఉండే మా వదిన ఒకసారి ఫోన్లో చెప్పింది. వాళ్ళ పక్కింటి పార్టీలో పెద్దల బల్ల మీద ఇలాంటి గిన్నె ఒకటి, పిల్లల బల్ల మీద మామూలు జెల్లీల గిన్నె ఒకటి పెట్టారట. ఆరేళ్ళ పిల్లాడు చెయ్యి పెట్టబోయేలోగా ఎవరో చూసి లాగేశారు కాబట్టి సరిపోయింది. చిన్నపిల్లల ఒంట్లోకి మద్యం వెళితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. విస్కీ అయితే పిల్లాడు నోట్లో పెట్టుకోగానే థూ అని ఉమ్మేస్తాడు. జెల్లీ చాక్లెట్‌ని ఉమ్ముతాడా? పిల్లలున్న ఇంట్లో వీటిని తయారుచెయ్యడం నా దృష్టిలో ఎలకల మందు ఉండల్ని లడ్డూల పక్కన పెట్టడంతో సమానం.

చిన్నప్పుడు మా అమ్మమ్మ మాకు ఆముదం పట్టించడానికి వేడివేడి కాఫీలో కలిపి ఇచ్చేది. కాఫీ అంటే ఆశ కొద్దీ గటగటా తాగేసేవాళ్ళం, తరవాత లబోదిబోమనేవాళ్ళం. అసలు ఆ ఆముదం విడిగా ఇస్తే గుటక దిగేదా? చేదు తగిలినా ఘాటు తగిలినా నాలుక వెనక్కి తగ్గుతుంది. విషం కడుపులోకి పోకుండా ప్రకృతి పెట్టిన కాపలా అది. మద్యం తాగేవాళ్ళు మొహం చిట్లించుకుంటూ ఒక్కో గుక్క మింగుతారు చూడండి, ఆ మంటే వాళ్ళకి లెక్క చెబుతుంది. ఎంత పోయిందో గొంతుకి తెలుస్తుంది. తీపీ పులుపూ కలిపితే ఆ లెక్క చెప్పేవాడు నిద్రపోతాడు. దాహం వేసినప్పుడు షర్బత్ తాగినంత వేగంగా తాగేస్తాం. మా అమ్మమ్మ మోసం మా కడుపు శుభ్రం చెయ్యడానికి. ఈ మోసం ఎవరి కడుపు నింపడానికో!

లెక్క అన్నాను కాబట్టి అది కూడా చేసి చూద్దాం. పచ్చడికి ఉప్పూ కారం కొలిచే చేతులకి ఇదెంత! మన దగ్గర వోడ్కా సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. వాసన కలిపినవాటిల్లో కొన్నింటికి 37.5 శాతం. చిన్న పెగ్గు అంటే 30 మిల్లీలీటర్లు, పెద్ద పెగ్గు 60. ఇలాంటి ఒక్కో గ్లాసులో 60 మిల్లీలీటర్లు పోశారనుకోండి, 42.8 శాతం లెక్కన అందులో అచ్చమైన ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు. మూడు గ్లాసులయ్యేసరికి 180 మిల్లీలీటర్లు. అంటే ఏమిటో తెలుసా? క్వార్టర్ సీసా! వీధి చివర వైన్‌షాపు దగ్గర మగాళ్ళు జేబులో దోపుకుని వెళతారే, అదే. మా పిల్ల రూమ్మేట్ నాలుగు గ్లాసులు తాగింది, అదీ గంటన్నరలో, ఖాళీ కడుపుతో. నలభై ఎనిమిది కిలోల పిల్ల. "ఇదిగో క్వార్టర్ సీసా, ఇంకో పెద్ద పెగ్గు కూడా కలిపి తాగు" అని ఎవరైనా ఎదురుగా పెడితే జడుసుకుని లేచిపోయేది. పీచుమిఠాయి అడ్డం పెట్టేసరికి నవ్వుతూ తాగేసింది.

కొన్నిచోట్ల ఒకే గ్లాసులో రెండు మూడు రకాల మద్యం కలుపుతారు. నలుగురూ స్ట్రాలు వేసుకుని తాగే జాడీలూ బక్కెట్లూ ఉంటాయి. వాటిలో ఎవరి వాటా ఎంతో దేవుడికే తెలియాలి.

మన శరీరం సంగతి కూడా చెప్పుకోవాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఆడవాళ్ళ ఒంట్లో అదే బరువున్న మగవాళ్ళ కన్నా నీటి పాలు తక్కువ. మద్యం నీటిలోనే కలుస్తుంది కాబట్టి అదే గ్లాసు మనకి ఎక్కువ చిక్కగా ఎక్కుతుంది. లివర్ దాని తీరులో అది గంటకి ఒక చిన్న పెగ్గంత, చిన్న శరీరమైతే అంతకన్నా తక్కువే కరిగించగలదు. నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, బ్లాక్ కాఫీ, చన్నీళ్ళ స్నానం... ఇవేవీ దాన్ని తొందరపెట్టలేవు. తాగడం ఆపేశాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే "పడుకుంటే తగ్గిపోతుంది" అనుకున్న మనిషి పడుకున్నాక ఇంకా దిగజారిపోవచ్చు. ఒళ్ళు పెరుగుతుందని చక్కెర లేని డైట్ కూల్‌డ్రింకు కలుపుకునే తెలివైన పిల్లలున్నారే, వాళ్ళకి ఇంకొంచెం వేగంగా ఎక్కుతుంది. చక్కెర ఉంటే కడుపులోంచి కిందికి దిగడం కాస్త ఆలస్యమవుతుంది, డైట్ పానీయానికి ఆ ఆలస్యం కూడా లేదు. నిద్రమాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడు సరేసరి. గర్భంతో ఉన్నవాళ్ళకి ఇంత వరకు ఫరవాలేదని చెప్పే మోతాదే లేదు. సీమంతం పార్టీలో గులాబీరంగు గ్లాసు చేతికి ఇస్తే "ఇందులో ఏముంది?" అని అడిగి తీరాలి.

"అప్పుడప్పుడూ అయితే ఏమవుతుందండీ?" అంటారు. మద్యం కాన్సర్ కారకమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చెప్పింది. రొమ్ము కాన్సర్‌ని కూడా తరవాత ఆ జాబితాలో చేర్చారు. ఆరోగ్యానికి ఏ మాత్రం హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2023 జనవరిలో ప్రకటించింది. ఇది తెలిశాక ఎవరిష్టం వాళ్ళది. తెలియకుండా జరిగితే మాత్రం దాన్ని ఇష్టం అనలేం కదా!

ఈ తియ్యటి వేషాన్ని కొన్ని దేశాలు ముందే పసిగట్టాయి. 1993లో ఆస్ట్రేలియాలో మద్యం కలిసిన నిమ్మ సోడా సీసాల్లో వచ్చింది. 1995లో ఇంగ్లండ్‌లో మరొకటి వచ్చి కుర్రకారుకి తెగ నచ్చేసింది. కూల్‌డ్రింకుల్లా కనిపించే వీటికి ఆల్కోపాప్స్ అని పేరు పెట్టారు. చిన్న వయసువాళ్ళు వీటికి అలవాటు పడుతున్నారని 2004లో జర్మనీ ప్రత్యేకంగా పన్ను వేసింది. 2008లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ రకం సీసాల మీద పన్ను ఒక్కసారిగా 70 శాతం పెంచింది. అమ్మకాలు తగ్గాయి. అయితే కొందరు స్పిరిట్ విడిగా కొనుక్కుని ఇంట్లోనే కలుపుకోవడం మొదలుపెట్టారు. 2010 అక్టోబర్‌లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పార్టీ తరవాత తొమ్మిదిమంది కాలేజీ పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. కెఫీన్ కలిసిన ఫోర్ లోకో అనే తియ్యటి మద్యం డబ్బాలు అక్కడ బయటపడ్డాయి. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం ఆ తరహా కంపెనీలకి హెచ్చరికలు పంపితే కెఫీన్ తీసేశారు. పళ్ళ రుచి మాత్రం అలాగే ఉంచారు లెండి.

మన దగ్గర సీసా మీద హెచ్చరిక తప్పనిసరి. 2019 ఏప్రిల్ నుంచి అక్షరాల సైజు కూడా నిబంధనల్లో ఉంది. బాగానే ఉంది. కానీ హోటల్లో మన ముందుకి వచ్చేది సీసా కాదు, పీచుమిఠాయి పెట్టిన గ్లాసు! దాని మీద హెచ్చరిక ఎక్కడుంది? మెనూ కార్డులో పుదీనా రెమ్మ దగ్గరనుంచి అన్నీ రాస్తారు. ఎన్ని మిల్లీలీటర్ల మద్యం పోశారో రాయడానికి మాత్రం చోటు చాలదు. ప్రతి డ్రింకు పేరు పక్కనా ఆ అంకె వెయ్యాలని ఎక్సైజ్ శాఖవారు ఒక్క ఉత్తర్వు ఇస్తే ఏం పోతుంది? పిల్లలు వద్దన్నా వినకపోవచ్చు గానీ అంకె చదవగలరు. చదువుకున్నవాళ్ళే కదా. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మకూడదని మన రెండు రాష్ట్రాల్లోనూ నిబంధన ఉంది. పీచుమిఠాయి తెచ్చిపెట్టే కుర్రాడు ఎంతమందిని వయసు అడుగుతున్నాడో ఎవరైనా వెళ్ళి చూడాలి.

ఇక్కడ కొంతమంది పాఠకులు కళ్ళెర్రజేస్తారని తెలుసు. "మద్యం మీద పోరాడిన గడ్డ మీద పుట్టి ఆడపిల్లలకి పెగ్గుల లెక్కలు నేర్పుతారా?" అంటారు. ఆ పోరాటం నాకూ గర్వకారణమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. అప్పుడు నాకు బడికెళ్ళే వయసు. మా పనిమనిషి మొగుడు తాగే సారా ప్యాకెట్ కంపు వీధి మలుపులోనే తెలిసిపోయేది. ఆ తల్లులు శత్రువుని వాసన చూసి పట్టుకోగలిగారు. వాళ్ళని కొట్టినవాడి నోట్లోంచి వచ్చే వాసన అది. ఇప్పుడు వచ్చిందానికి వాసన లేదు, స్నేహితురాలి చేతిలోంచి వస్తోంది, పుట్టినరోజు కేకుతో బాటు వస్తోంది. పాత లాంతరు పట్టుకుని దీన్ని వెతికితే దొరకదు.

పోనీ మన ఇళ్ళల్లో ఎలా ఉంది? మగవాళ్ళు నలుగురు ముందుగదిలో కూర్చుని తాగుతుంటే వంటింట్లోంచి పకోడీలు వేయించి పంపే ఇళ్ళు ఎన్ని లేవు! మా బంధువుల్లోనే ఉన్నాయి. నేనూ వేయించాను. తాగి పడిపోయిన కొడుకుని "పాపం, ఎండదెబ్బ తగిలింది" అని కప్పిపుచ్చి మజ్జిగ తాగిస్తాం. అదే కూతురు ఒక్క గ్లాసు ముట్టిందని తెలిస్తే ఉద్యోగం మాన్పించి సంబంధాలు చూడ్డం మొదలెడతాం. ఆడపిల్ల తాగాలని నేననడం లేదు. నేను ముట్టను, మా పిల్లలు ముట్టకపోతే సంతోషిస్తాను. కానీ ఆ రాత్రి ఆ నలుగురు పిల్లల్ని రెండు గంటలపాటు హాస్పిటల్‌కి వెళ్ళకుండా ఆపింది వోడ్కా కాదు. మనం. అమ్మ మొహం గుర్తొచ్చి ఆగారు. తియ్యదనం చాటున మద్యం దాక్కుంది, పరువు చాటున పిల్లలు దాక్కున్నారు. ఈ రెండూ ఒకేచోట కలిసిన రాత్రి ఒక ప్రాణం పోబోయింది.

అమెరికాలో చాలా కాలేజీల్లో ఒక పద్ధతి ఉంది. తాగి ప్రమాదంలో పడిన స్నేహితుల కోసం అంబులెన్స్ పిలిస్తే, పిలిచినవాళ్ళ మీదా పడిపోయినవాళ్ళ మీదా కాలేజీ చర్య తీసుకోదు. ముందు ప్రాణం, తిట్లు తరవాత. మన హాస్టళ్ళల్లో గేటు వేసే టైము బోర్డు మీద రాస్తారు కదా, దాని కింద ఈ ఒక్క వాక్యం కూడా రాయించగలిగితే బాగుండును. అంతదాకా ఎందుకు, మన ఇంట్లో చెప్పొచ్చు. "ఎప్పుడైనా, ఏ పరిస్థితిలో ఉన్నా, ఎవరితో ఉన్నా, ప్రమాదమనిపిస్తే ముందు 108కి, తరవాత నాకు ఫోన్ చెయ్యి. ఆ రాత్రి నిన్ను ఒక్క మాట అనను" అని. అనకుండా ఉండగలగడం కష్టమే సుమా! నాకైతే ఆ రాత్రి నోటి చివరిదాకా వచ్చాయి.

మా అక్కయ్యకి చెప్పనని ఒట్టు వేశాను గానీ మూడు నెలలకి మా పిల్లే సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పేసింది. అరిసెలు వత్తుతూ ఉన్నాం. అక్కయ్య చెయ్యి ఆగిపోయింది. "ఇదా నీ చదువు, ఇదా నీ ఉద్యోగం" అని మొదలుపెట్టి అరగంట వాయించింది. నన్ను కూడా వదల్లేదు. "నువ్వు కూడా కథలు రాసేదానివై ఉండి ఇంత కథ దాచావుటే!" అంది. మూకుడులో అరిసె మాడిపోయింది. దాన్ని తీసి పక్కన పడేసి, ఇంకోటి వేసి, కాసేపాగి మా పిల్ల వైపు చూడకుండానే అడిగింది -

"ఆ పిల్ల వాళ్ళమ్మకి తెలుసుటే? నంబరుందా?"